ముందుచూపు పేరుతో ముందే కట్టే డబ్బు

పిల్ల ఇంజనీరింగ్‌లో చేరిందంటే మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురాల తెలుగు ఇళ్లలో ముందుగా జరిగేది హైదరాబాద్‌కి ఫోన్ చేయడం. అక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మేనమామ కొడుకో, పిన్ని అల్లుడో చెప్పే సలహా దాదాపు ఒకటే. కొనేటప్పుడే పెద్దది కొనేయాలి, 32 జీబీ ర్యామ్, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టించాలి, షాపులో ఉన్నదానితో సరిపెట్టుకోకుండా కంపెనీ దగ్గర కావలసినట్టు ఆర్డర్ చేయాలి, నెల ఆలస్యమైనా ఓపిక పట్టాలి, ఇక అయిదారేళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు. మళ్లీ మళ్లీ కొంటామా అన్నది దీనికి తోడయ్యే మాట. ఈ సలహాలో ప్రేమ ఉంది, పిల్ల చదువు మీద పట్టింపు ఉంది. కానీ లెక్క లేదు. ఎదిగే పిల్లాడికి రెండు సైజులు పెద్ద చొక్కా కుట్టించినట్టు, రేపటి అవసరాన్ని ఇవాళే కొని పెట్టుకోవచ్చని ఇది నమ్మిస్తుంది. పిల్లాడు ఎటు ఎదుగుతాడో మనకు తెలుసు. కంప్యూటర్ అవసరం ఎటు ఎదుగుతుందో కొనే రోజున ఎవరికీ తెలియదు. అందుకే కొనే రోజున పెద్ద కాన్ఫిగరేషన్ కోసం డబ్బు పోయడం కంటే, మూత విప్పితే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ మార్చుకోగల మామూలు ల్యాప్‌టాప్‌ను దొరికిన రోజే తెచ్చుకోవడం మేలని నా వాదన.

రేపటి అవసరం ఎటు నుంచి వస్తుందో తెలియదనడానికి విండోస్ 11 కంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. 2017 ఆరంభంలో ఇంటెల్ ఏడో తరం కోర్ ఐ7 ప్రాసెసర్‌తో, 32 జీబీ ర్యామ్‌తో ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఆ రోజుకి అన్నిటికంటే ముందుచూపున్న కొనుగోలుదారులు. 2021లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11 తెచ్చినప్పుడు అడిగిన ర్యామ్ 4 జీబీ మాత్రమే. కానీ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలంది, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ల జాబితా ఇచ్చింది. ఏడో తరంలో ఒకటి రెండు మినహాయింపులు తప్ప మిగతావన్నీ బయటే ఉండిపోయాయి. అంటే మరుసటి ఏడాది 4 జీబీతో ఎనిమిదో తరం చవక ఐ3 కొన్న విద్యార్థికి దారి దొరికింది, అంతకు ముందు ఏడాది రెండింతలు పెట్టిన వాడికి దారి మూసుకుపోయింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. భద్రతా అప్‌డేట్ల కోసం ఒక ఏడాది పొడిగింపు ఇచ్చారు కానీ అది గడువు పెంచడమే, పరిష్కారం కాదు. అదనంగా కొన్న ఆ మెమరీ ఈ గండం నుంచి ఎవరినీ గట్టెక్కించలేదు. ఇలాంటిదే 2024 మేలో మళ్లీ జరిగింది. కోపైలట్ ప్లస్ పీసీ అని మైక్రోసాఫ్ట్ ఒక కొత్త గీత గీసింది. సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక చిప్ ఉంటేనే ఆ గీత లోపల. అంతకు ఆరు నెలల ముందు అత్యంత ఖరీదైన కాన్ఫిగరేషన్ కొన్నవాళ్ల దగ్గర కూడా అది లేదు. మన ముందుచూపంతా ర్యామ్ మీద, ఎస్‌ఎస్‌డీ మీద ఉంటోంది. పాతబడటం మాత్రం ప్రాసెసర్ తరం నుంచి, కొత్త చిప్‌ల నుంచి వస్తోంది. వాటిని ఏ డబ్బూ ముందుగా కొనిపెట్టలేదు.

ఇక అరిగిపోయే భాగాల సంగతి. ల్యాప్‌టాప్ మూలన పడటానికి మామూలుగా కారణమయ్యేవి బ్యాటరీ, ఫ్యాన్, మడత దగ్గరి కీలు, కీబోర్డు, తెర. ఈ అయిదింటిలో ఒక్కటైనా 32 జీబీ పెట్టించినందుకు ఎక్కువ రోజులు నిలవదు. చంద్రపూర్‌లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 దాటడం వింత కాదు, 47 కూడా చూసిన ఊరు. ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లను వాడుకోవాల్సిన పరిసర ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలని రాస్తుంది. కూలర్ పెట్టుకున్న గదిలో కూడా మధ్యాహ్నం ఆ హద్దులో ఉండటం మనకు కష్టం. లిథియం బ్యాటరీల మీద కెనడా సంస్థ కాడెక్స్ ప్రచురించిన పట్టిక ప్రకారం, నిండా చార్జ్ చేసి 25 డిగ్రీల దగ్గర ఏడాది ఉంచితే బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి, 40 డిగ్రీల దగ్గర ఉంచితే 65 శాతానికి పడిపోతుంది. అంటే కరెంటు తీగ తీయకుండా ఎండాకాలమంతా వాడిన బ్యాటరీ రెండు మూడేళ్లలో చేతులెత్తేస్తే అది కంపెనీ మోసం కాదు, రసాయన ధర్మం. దుమ్ము సంగతి వేరే చెప్పాలా? ఒక పక్క బొగ్గు గనులు, ఇంకో పక్క 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను కొలిచినప్పుడు చంద్రపూర్ 83.88 మార్కులతో కాలుష్యంలో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ గాలినే ల్యాప్‌టాప్ ఫ్యాన్ లోపలికి లాగుతుంది. రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు. వేడెక్కిన ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న వేగమంతా మే మధ్యాహ్నం అలా ఆవిరైపోతుంది. ఇక్కడ పనికొచ్చేది ఏడాదికోసారి మూత విప్పి దుమ్ము దులిపించే వీలు. బ్యాటరీ మార్చేది, ర్యామ్ వేసేది కూడా ఆ మూత విప్పే.

ధరల దగ్గరికి వద్దాం. మూత విప్పినా మార్చలేని ల్యాప్‌టాప్‌లు 2012 తర్వాత ఎక్కువయ్యాయి. ఆ ఏడాది జూన్‌లో ఆపిల్ రెటీనా తెరతో తెచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేశారు. సన్నగా, తేలికగా ఉండాలన్న పోటీలో మిగతా కంపెనీలు తమ పైతరగతి మోడళ్లలో ఆ దారే పట్టాయి. కొనేవాడికి తర్వాత చేర్చుకునే దారి లేనప్పుడు ధర ఎవరు నిర్ణయిస్తారో చెప్పక్కర్లేదు. ఎం1 నుంచి ఎం3 చిప్ వరకు మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 8 జీబీ నుంచి 16 జీబీకి మారాలంటే మన దేశంలో 20,000 రూపాయలు అడిగారు. 256 జీబీ స్టోరేజిని 512 చేయాలంటే మరో 20,000. అదే కాలంలో, మెమరీ ధరలు పడిపోయి ఉన్న 2023లో, 8 జీబీ డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్ సుమారు రెండు వేలకే దొరికేది. రెండు మెమరీలు ఒకే రకం కావు, నిజమే. కానీ ఆ తేడా పది రెట్లకు సమాధానం కాదు. 2024 అక్టోబర్‌లో ఆపిల్ అదనపు ధర లేకుండానే 16 జీబీని మొదటి మెట్టు చేసేసింది. నిన్నటి వరకు 20,000 కట్టినవాడి ముందుచూపుకి విలువ ఒక్కరోజులో అంత పడిపోయింది. ఇంకో మాట. ఆ అదనపు సొమ్మును వాయిదాల్లో కడతారు చాలామంది, వడ్డీ లేదంటారు కనుక. సున్నా వడ్డీ అనేది అసలు లేదని, ఆ ఖర్చు వేరే రూపంలో కొనేవాడి మీదే పడుతోందని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

ఎదురుచూడటానికి కూడా ధర ఉంది. దాన్ని మనం ఖర్చు పద్దులో రాయడం లేదు. కావలసినట్టు తయారు చేయించుకునే ఆర్డర్ చాలాసార్లు విదేశీ ఫ్యాక్టరీలో మొదలై, ఓడలోనో విమానంలోనో వచ్చి, కస్టమ్స్ దాటి, నాగపూర్ మీదుగా చంద్రపూర్ చేరాలి. ఆ తేదీ అమ్మేవాడి చేతిలో కూడా లేదు. 2020, 2021ల్లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు చూశాం. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అంటూ కేంద్రం ఉన్నట్టుండి నోటిఫికేషన్ ఇచ్చింది. మర్నాడే అమలును మూడు నెలలు వాయిదా వేసింది. ఒక్క రాత్రిలో అలా మారిపోయే సరఫరా మీద ఆధారపడి, పూర్తి సొమ్ము ముందే కట్టి కూర్చోవడం ముందుచూపు ఎలా అవుతుంది? ఎదురుచూసే ఆ నెల, నెలన్నరలో ఇంజనీరింగ్ పిల్లకి ప్రోగ్రామింగ్ ల్యాబ్ సగం గడిచిపోతుంది. చిన్న వ్యాపారుల పుస్తకాలు రాసే అకౌంటెంట్‌కి ప్రతి నెలా 11న, 20న జీఎస్టీ గడువులు వస్తూనే ఉంటాయి. వాళ్లకి ఇవాళ చేతిలో ఉన్న 8 జీబీ యంత్రం, నలభై రోజుల తర్వాత రాబోయే 32 జీబీ యంత్రం కంటే ఎక్కువ పని చేస్తుంది. ముందస్తు బుకింగ్ అనే పద్ధతినే నేను తప్పు పట్టడం లేదు. ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికా కంపెనీ 2021లో, దాదాపు అన్ని భాగాలూ మార్చుకోగల ల్యాప్‌టాప్‌ను వంద డాలర్ల బయానా తీసుకుని, వద్దంటే తిరిగిచ్చే షరతుతో, విడతలవారీగా అమ్మింది. అలాంటి షరతు మీద వేచి ఉండటంలో నష్టం తక్కువ. మొత్తం సొమ్ము లాక్కుని, తేదీ మాత్రం రమారమిగా చెప్పే ఆర్డర్‌తోనే నా పేచీ.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, కొన్ని బలమైనవి. మొదటిది ఇప్పటి మెమరీ ధరలు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఊడ్చేసుకుంటున్నాయి, ర్యామ్ ధరలు రెండింతలు, మూడింతలయ్యాయి. మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండ్‌ను, అంటే మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. తర్వాత చవగ్గా వేసుకుందాం అన్న మాట ఇక చెల్లదు కదా అంటారు. ప్రస్తుతానికి ఆ అభ్యంతరం నిజమే. నేడు కావలసినంత ర్యామ్ నేడే తీసుకోమనే నేనూ అంటాను, అది చాలామందికి 16 జీబీ. కానీ మెమరీ ధర 2017, 2018ల్లో ఎక్కింది, 2019లో దిగింది, 2021లో మళ్లీ ఎక్కింది, 2022, 2023ల్లో కుప్పకూలింది. స్లాట్ ఖాళీగా ఉన్నవాడు ఈ ఎత్తు దిగేదాకా ఆగగలడు. శిఖరం మీద ఉన్న ధరకి 32 జీబీ కట్టేసినవాడు ఆగలేడు. ధరలు మండుతున్నప్పుడు అవసరం లేని మెమరీ కొనమనడం వింత వాదన.

రెండోది సాంకేతికమైనది. సోల్డర్ చేసిన ర్యామ్ ప్రాసెసర్‌కి దగ్గరగా ఉంటుంది, కరెంటు తక్కువ తాగుతుంది, వేగంగా ఉంటుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కానీ ఈ లాభాలకు, మార్చుకునే వీలుకు శత్రుత్వం ఉండి తీరాలని లేదు. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ 2023 డిసెంబర్‌లో క్యామ్2 ప్రమాణాన్ని ప్రచురించింది. తక్కువ కరెంటు తాగే అదే రకం మెమరీని మరలతో బిగించి, విప్పి తీసే పద్ధతి అది. 2024లో లెనోవో తన థింక్‌ప్యాడ్ పీ1లో దాన్ని పెట్టి చూపించింది. అయినా ఎవరైనా సోల్డర్ చేసిన ల్యాప్‌టాపే కావాలనుకుంటే, ర్యామ్ ఒక్కదాని దగ్గర నా వాదన సడలించుకుంటాను. అక్కడ 8 కాక 16 తీసుకోవడం న్యాయమే, ఎందుకంటే తర్వాత దారి లేదు. స్టోరేజికి మాత్రం 20,000 పోయనక్కర్లేదు. బయట తగిలించుకునే ఎస్‌ఎస్‌డీ అందులో కొంత ఖర్చుతోనే పని జరిపిస్తుంది, ల్యాప్‌టాప్ పోయినా అది మిగులుతుంది.

మూత విప్పితే వారంటీ పోతుందన్నది మూడో భయం. అన్ని కంపెనీలకూ ఇది ఒకేలా వర్తించదు. లెనోవో లాంటి కంపెనీలు ఏ మర ఎక్కడుందో, ఏ భాగం ఎలా తీయాలో చూపే మాన్యువల్స్‌ను అందరికీ అందుబాటులో పెడతాయి. విప్పేటప్పుడు మనం చెడగొట్టిన భాగానికి వారంటీ రాదు, విప్పినంత మాత్రాన మొత్తం పోదని చాలా షరతులు చెబుతాయి. కొనేముందు బిల్లు ఇచ్చేవాడిని ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాయించుకుంటే చాలు. అమెరికా నుంచి వచ్చే బంధువు చేత తెప్పించుకుంటే చవక కదా అన్నది తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే నాలుగో వాదన. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తేవచ్చు, నిజమే. కానీ దాని రాక వాళ్ల సెలవుల మీద ఆధారపడుతుంది. ఆ మోడల్‌కి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కంపెనీని బట్టి మారుతుంది. కీబోర్డు పాడైతే ఆ విడిభాగం మన దగ్గర దొరుకుతుందన్న భరోసా ఉండదు. తక్కువకు తెచ్చుకున్న యంత్రాన్ని చిన్న రిపేరుకి మళ్లీ అమెరికా పంపలేం.

పెద్ద కాన్ఫిగరేషన్ నిజంగా కావలసినవాళ్లు ఉన్నారు. గనుల మ్యాపులు, త్రీడీ డిజైన్లు చేసే ఇంజనీరు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడు, పెద్ద డేటాతో పని చేసే పరిశోధక విద్యార్థి. వాళ్ల అవసరం ఊహ కాదు, ఇవాళ చేస్తున్న పని. సాఫ్ట్‌వేర్ ఎంత మెమరీ వాడుతోందో తెర మీద కనిపిస్తుంది. వాళ్లు 32 కొన్నా 64 కొన్నా అది ఖర్చు కాదు, పనిముట్టు. ఏం చదవబోతున్నదో ఇంకా తేలని మొదటి ఏడాది పిల్ల పేరున అదే సరుకు కొనిపించడం వేరే సంగతి.

ఇంతకీ ఈ ఎంపిక కష్టమవడానికి పెద్ద కారణం, ర్యామ్ సోల్డర్ చేసిందో స్లాట్‌లో ఉందో, బ్యాటరీ మరలతో ఉందో జిగురుతో అతికించారో డబ్బా మీద ఎక్కడా పెద్ద అక్షరాల్లో రాయకపోవడం. ఎన్ని జీబీలో అట్ట మీదే ఉంటుంది, విప్పవచ్చా లేదా అన్నది ఎవరూ చెప్పరు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ అమ్మే ప్రతి చోటా దానిని బాగుచేయించుకోవడం ఎంత సులువో పదికి మార్కులు వేసి ధర పక్కనే పెట్టాలి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ తర్వాత పోర్టల్ తెరిచింది. ల్యాప్‌టాప్ డబ్బా మీద స్లాట్ల సంఖ్య, బ్యాటరీ మార్చే వీలు, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో ముద్రించడాన్ని తప్పనిసరి చేసే పని ఆ శాఖదే. అది జరిగేవరకు కౌంటర్ దగ్గర నిలబడి జీబీల కంటే ముందు ఆ మూడు ప్రశ్నలు అడగవలసింది మనమే.