బిడ్డ యెట్లు మరణించెనని యడుగు హక్కు

దూరదేశమున బిడ్డ మరణించెనను వార్త వచ్చిన యింట మొదట పుట్టునది దుఃఖము. దాని వెంటనే పుట్టునది ప్రశ్న. దుఃఖమును ఇరుగుపొరుగువారు కొంత పంచుకొనగలరు. ప్రశ్నను మాత్రము ఆ కుటుంబమే మోయవలెను. చంపినవాడు ఒక రాజ్యపు సైనికుడైనచో ఆ భారము మరింత పెరుగును. ఏలయన, తుపాకి యెవరిచేత నున్నదో సాక్ష్యములును వారిచేతనే యుండును. ఇట్టి కుటుంబము నొకదానిని గూర్చి పాఠకులకు విన్నవించి, అందుండి మనము గ్రహింపదగిన దేమో విచారింతుము.

టామ్ హర్న్‌డాల్ లండను నగరవాసి. మాంచెస్టరులో ఛాయాగ్రహణ విద్య నభ్యసించుచుండిన 21 ఏండ్ల యువకుడు. 2003 ఏప్రిల్ 11వ తేదీన గాజాలోని రఫా పట్టణమున కాల్పులకు బెదరి కదలలేక నిలిచిపోయిన పసిపిల్లలను తప్పించుచుండగా, ఇజ్రాయిల్ సైనికుడొకడు కావలి బురుజునుండి కాల్చిన గుండు అతని తలకు తగిలినది. దూరమునుండియే కనబడు నారింజరంగు చొక్కాను అతడు ధరించియుండెను. తొమ్మిది నెలలు స్పృహలేక పడియుండి 2004 జనవరి 13న లండనులో కన్నుమూసెను.

సైనికాధికారులు మొదట చెప్పిన కథ వేరు. తుపాకి పట్టిన మనుష్యుని మీదనే సైనికుడు కాల్చెనని వారు తెలిపిరి. టామ్ తండ్రి న్యాయవాది, తల్లి ఉపాధ్యాయిని. వారు ఆ మాటను విని యూరకుండలేదు. కుమారుడు ఆసుపత్రిలో నుండగనే తండ్రి రఫాకు పోయి, చూచినవారిని పలుకరించి, ఛాయాచిత్రములను సేకరించి, నిలుచున్న చోటును గుండు వచ్చిన దిక్కును పరిశీలించి, తానే యొక నివేదికను సిద్ధపరచెను. పోలీసులు చేయవలసిన పనిని దుఃఖములో మునిగియున్న తండ్రి చేయవలసివచ్చెనన్న మాట!

ఆ పట్టుదల వ్యర్థము కాలేదు. నెలలు గడచిన పిమ్మట సైనిక పోలీసుల దర్యాప్తు మొదలయ్యెను. కాల్చినవాడు తాను చెప్పినది కల్ల యని యొప్పుకొనెను. 2005లో సైనిక న్యాయస్థానము వానికి 8 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను. 2010లో వాడు విడుదలయ్యెను. అయినను, ఆ తలిదండ్రులు శిక్షతో తృప్తి చెందలేదు. ఒక్క సైనికుని దోషిగా జూపి, అట్లు కాల్చుటకు వీలు కల్పించిన ఆజ్ఞలను, ఆజ్ఞాపించిన వారిని మరుగుపరచుట న్యాయము కాదని వారు వాదించిరి. ఇది మిక్కిలి యోగ్యమైన మాట.

2006 ఏప్రిల్‌లో లండనులో కరోనరు విచారణ జరిగెను. ఇది అన్యాయమైన హత్యయే యని పంచాయతీదారులగు జూరీవారు తీర్పు చెప్పిరి. విదేశమున జరిగిన మరణముపై స్వదేశమున విచారణ యెట్లు జరిగినదని పాఠకులడుగవచ్చును. దాని వెనుక మఱియొక తండ్రి కలడు. 1979లో జెడ్డా నగరమున హెలెన్ స్మిత్ అను 23 ఏండ్ల నర్సు మరణించెను. విదేశమున జరిగిన మరణము తమ యధికారమునకు రాదని ఇంగ్లండులోని కరోనరు త్రోసిపుచ్చెను. పూర్వము పోలీసు శాఖలో పనిచేసిన ఆమె తండ్రి రాన్ స్మిత్ పై న్యాయస్థానమున కెక్కెను. శవము తమ పరిధిలో నున్నచో, మరణ మెక్కడ జరిగినను విచారణ జరుపుట కరోనరు విధియని 1982లో తీర్పు వెలువడెను. కుమార్తె మరణకారణము మాత్రము ఆ విచారణలోను తేలలేదు. తనకు దొరకని సమాధానమును వెదకుచు ఆ తండ్రి వేసిన బాటయే తరువాతివారికి రాజమార్గమయ్యెను.

యుద్ధభూమికి తానై పోయినవాని మరణమునకు సైనికుని తప్పుపట్టుట యేలయని కొందరందురు. భయములో, క్షణములో నిర్ణయము చేయవలసిన సైనికుని కష్టము మనకు తెలియనిది కాదు. కాని, ప్రమాదమున్నదనుట మరణమునకు కారణము చెప్పవచ్చునుగాని అసత్యమునకు సమర్థన కాజాలదు. నిర్దోషియైన సైనికునికి సయితము నిజమైన విచారణయే రక్ష.

ఈ న్యాయము ఒకవైపే నడచిన న్యాయము కాదు. 2003 సెప్టెంబరులో బస్రాలో బహా మూసా అను 26 ఏండ్ల హోటలు ఉద్యోగి బ్రిటిష్ సైనికుల నిర్బంధములో మరణించెను. అతని దేహముపై 93 గాయములు కనబడినవి. అతని తండ్రియు ఇదే ప్రశ్న నడిగెను. బహిరంగ విచారణ నివేదిక వెలువడుటకు 2011 వరకు వేచియుండవలసివచ్చెను. తమ బిడ్డకొరకు పరదేశము నడుగువారు, పరుల బిడ్డ విషయమున తమ సైన్యమును అడుగనిచో ఆ యడుగుటకు విలువ యేమి?

ఇక మన సంగతి. కరోనరు అను మాట బొంబాయిలో స్థిరపడిన మన కుటుంబములకు క్రొత్తది కాదు. 1999లో రద్దగువరకు ఆ పదవి ఆ నగరమున నుండెను. భారతీయుడు విదేశమున చేసిన నేరమును మన శిక్షాస్మృతి పట్టుకొనును. విదేశమున భారతీయుని అన్యుడు చంపినచో మాత్రము సాధారణముగా మన న్యాయస్థానములకు చేయి చాలదు. 2012లో కేరళ తీరమున ఇటలీ నావికుల కాల్పులలో ఇద్దరు మత్స్యకారులు మరణించిరి. వారిలో నొకరు తమిళనాడువారు. తుదకు 10 కోట్ల రూపాయల పరిహారము ముట్టినది. 2021లో వ్యాజ్యము ముగిసినది. నేరవిచారణ మన గడ్డపై జరుగనేలేదు. పరిహారము అవసరమే. కాని అది సమాధానము కాదు.

నేడు మన యిండ్లలో కొడుకో, కూతురో, మేనల్లుడో పరదేశమున లేని కుటుంబము అరుదు. పరభాషాప్రాంతమున తరతరాలుగా నివసించు మనకు, కార్యాలయముల గుమ్మములయొద్ద మన మాట వినిపించుకొనుట యెంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. కావున, విదేశమున హింసవలన మరణించిన పౌరుని దేహము స్వదేశమునకు చేరినపుడు, బంధువుల సమక్షమున న్యాయాధికారి విచారణ జరుపుట విధిగా నుండవలెనని శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను మనము కోరవలెను. అంతవరకు, అట్టి విపత్తు వచ్చిన యింటికి మన సంఘములవారు పరామర్శకు మాత్రమే గాక, అంత్యక్రియలకు ముందే శవపరీక్ష కోరుటకు, కాగితములు భద్రపరచుటకు, అర్జీలు వ్రాయుటకు తోడుగా పోవలెను. ప్రశ్న మోయువారు ఒంటరులు కాకుండుటయే మొదటి న్యాయము.