వానను చూసి ఊరు మారేవారు

నా పూర్వ విద్యార్థి ఒకడు బెంగుళూరు నుంచి ఇటీవల ఉత్తరం వ్రాశాడు. వచ్చింది సెల్‌ఫోనులోనే గాని, నాలుగు పుటల నిడివి ఉన్నది, క్షేమసమాచారంతో మొదలై నమస్కారంతో ముగిసింది కనుక దానిని ఉత్తరమనే అంటాను. వాని తండ్రి బ్యాంకు ఉద్యోగి. కదిరి ప్రాంతం నుంచి బదిలీ మీద తాడేపల్లిగూడెం వచ్చి మూడేళ్ళు ఉన్నారు. ఆ మూడేళ్ళు కుర్రవాడు మా కళాశాలలో చదువుకున్నాడు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. జీతంలో మూడవ వంతు అద్దెకే పోతున్నదట. 2024 వేసవిలో బెంగుళూరు బోరుబావులు ఎండిపోయి, నగరం ట్యాంకర్ల వెంట పరుగెత్తిన రోజుల్లో వాడు బకెట్టు నీళ్ళతో రోజు గడిపాడట. ఇంటి నుంచే పని చేసుకోవచ్చునని కంపెనీవారు అనుమతించారు. అందుచేత గూడెం వచ్చి స్థిరపడదామని సంకల్పం. సంక్రాంతికి వచ్చినప్పుడు ఊరి చివర ఒక స్థలం కూడా చూసుకున్నాడు. పట్టణంలోని ధరలో సగానికే వస్తున్నదట. "వానలు పడే ఊరు, ఖర్చు తక్కువ, కాలువ నిండా నీళ్ళు. కొనమంటారా మాస్టారూ?" అని ప్రశ్న.

ఇటువంటి ప్రశ్నకు పెద్దల వద్ద సిద్ధంగా ఉండే జవాబులు రెండు. ఉన్న ఊరు కన్నతల్లి అనేది ఒకటి. దూరపు కొండలు నునుపు అనేది రెండవది. ఈ రెండూ చెప్పడానికి నాకు అర్హత లేదు. ఎందుకంటే నేను కూడా వానను చూసి ఊరు మారినవాడినే.

మాది అనంతపురం జిల్లా. ఏడాది పొడుగునా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ. మా ఇళ్ళలో మోడం పట్టిందంటే పెద్దలు మాట తగ్గించేవారు, ఎక్కడ గట్టిగా మాట్లాడితే బెదరి పోతుందోనన్నట్లు. ఎం. ఏ. పూర్తయిన తర్వాత నా తోటివారు ఎక్కువమంది బెంగుళూరు దారి పట్టారు. నాకు 1995లో గూడెంలో ఉద్యోగం దొరికింది. గుంతకల్లులో రైలెక్కి, విజయవాడలో మారి, జూన్ చివర ఒక ఉదయాన ఇక్కడ దిగాను. స్టేషను బయట వాన కురుస్తున్నది. రిక్షా అతను ఆ వానను బాహాటంగా తిట్టుకుంటున్నాడు. వానను తిట్టే మనిషిని నేను అంతకు ముందు చూచి ఉండలేదు. అతడు పుణ్యపాపాలు తెలియనివాడని అనుకున్నాను.

ఇల్లు వెతకడం తేలికే అయింది. రెండు గదులు, వంటిల్లు, వెనుక కొబ్బరిచెట్టు. అద్దె నాలుగు వందలు. తోటి అధ్యాపకులు పక్కవీధిలో ఏడు వందలిస్తున్నారు. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. సామాను సర్దుకుంటున్నప్పుడు ఒక వింత గమనించాను. ఇంటివారు వదలిపెట్టిన మంచం నాలుగు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు ఉన్నవి. బీరువా కింద కూడా ఇటుకలే. గోడ మీద మోకాలెత్తున మట్టిరంగు గీత ఒకటి అన్ని గదులకూ సమంగా సాగిపోయింది. అది ఇక్కడి సున్నం పద్ధతి కాబోలు ననుకున్నాను. ఇంటి యజమానురాలు వృద్ధురాలు, మర్యాదస్తురాలు. "మీరు సీమవారు గదండీ, వానంటే ముచ్చటగా ఉంటుందని మీకిచ్చామండి" అన్నది. సెప్టెంబరులో మూడు రోజుల ముసురు పట్టింది. మూడవ రాత్రి మంచం దిగి కాలు పెడితే పాదం చల్లగా నీళ్ళలోకి దిగింది. ఇటుకల అర్థం, గీత అర్థం, మూడు వందల రూపాయల అర్థం ఒక్కసారే బోధపడినవి.

ఆమె నన్ను మోసగించిందని నేను అనను. అడిగి ఉంటే చెప్పేదే. నేను అడగలేదు. వాన కరువైన చోట పుట్టినవానికి నీరు ఎక్కువైతే ఏమవుతుందో అడగాలన్న ఊహే రాదు.

ఒక ప్రాంతంలో వాన ఎక్కువ పడుతుందనడం వేరు, అక్కడ బ్రతుకు సుఖమనడం వేరు. గోదావరి మండలంలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. రెండు వందల ఏళ్ళ క్రితం కూడా ఇంచుమించు అంతే పడి ఉంటుంది. అయినా ధవళేశ్వరం ఆనకట్టకు ముందు, 1820–40 ప్రాంతాల్లో, ఈ జిల్లా క్షామాలకూ తుపానులకూ దెబ్బతిని, జనం తగ్గిపోయి, పొలాలు బీళ్ళుపడి ఉన్నది. నందన నామ సంవత్సరపు కరువు, అంటే 1832–33 నాటిది, గుంటూరు, బందరు సీమలను ఎట్లా ఊడ్చివేసిందో చరిత్ర చదివిన వారికి తెలుసు. 1847లో మొదలై 1852లో ముగిసిన కాటన్ దొర ఆనకట్ట, దాని కాలువలు, లాకులు, ఆపైన ఒక్కొక్కటిగా త్రవ్విన మురుగు కాలువలు కలిసి ఈ నేలను అన్నపూర్ణను చేసినవి. ఈ జాబితాలో జనం కాలువలను తలుచుకుంటారు. మురుగు కాలువలను మరచిపోతారు. నీరు తెచ్చిన వాడికి విగ్రహం ఉంటుంది. నీరు తీసేవాడిని వరద వస్తే గాని ఎవరూ తలుచుకోరు.

మన సాహిత్యంలో ఈ విషయానికి శ్రీనాథుని కంటె మంచి సాక్షి లేడు. పలనాటి నీళ్ళ కరువును, జొన్నకూటిని ఎగతాళి చేసిన చాటువులు ఆయన పేర ప్రచారంలో ఉన్నవి. నీళ్ళు లేని సీమను చూచి నవ్విన ఆ కవిసార్వభౌముడు, చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకున్నాడనీ, పంటను ఏరు ఎత్తుకుపోగా పన్ను కట్టలేక బాధలు పడ్డాడనీ మరొక చాటువు చెపుతున్నది. ఇవన్నీ ఆయన రచనలే అని విమర్శకులందరూ ఒప్పుకోరు. ఎవరు చెప్పినా, చెప్పినవానికి ఈ దేశపు నీళ్ళ సంగతి బాగా తెలుసు. క్లాసులో ఈ రెండు చాటువులను నేను ఎప్పుడూ ఒకేరోజు చెపుతాను. ఆ కుర్రవాడు కూడా విన్నాడు. మార్కులు కూడా బాగానే వచ్చినవి.

చవక సంగతికి వస్తాను. వాన కోసం ఇక్కడికి వచ్చినవాడిని నేను. ఇక్కడివారు చవక కోసం ఇతర సీమలకు పోయినవారు. 1931లో మంజీర మీద నిజాంసాగరం పూర్తయిన తర్వాత కోస్తా రైతులు బోధన్, వర్ని ప్రాంతాలకు తరలిపోయారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన పిమ్మట గంగావతి, సింధనూరు వైపు పోయారు. ఇక్కడ ఒక ఎకరం అమ్మితే అక్కడ అనేక ఎకరాలు వచ్చే రోజులవి. వారిలో ఎక్కువమంది పడుచువారు. అన్నదమ్ముల పంపకాల్లో అరెకరం, ఎకరం మిగిలినవారు. గుడారాలు వేసుకొని, ముళ్ళచెట్లు కొట్టి, మళ్ళు కట్టారు. వారి సాహసాన్ని మెచ్చుకోనివాడు లేడు. వారు పోయింది వాన కోసం కాదు, గంగావతి, సింధనూరు వైపు నిజానికి మా అనంతపురం వంటి మెట్ట సీమే. నీటిని మడికి ఎట్లా ఎక్కించాలో, ఎట్లా దింపాలో తెలిసిన విద్యను మూటకట్టుకొని పోయారు. అందుచేత నిలిచారు.

అయినా ఒక మాట ఉన్నది. అక్కడ భూమి ఎందుకు చవక? కాలువ రాబోతున్నదని కొనేవాడికి తెలుసు. వస్తే ఏమవుతుందో అమ్మేవాడికి పూర్తిగా తెలియదు. తెలిసినా మడి చేయడానికి పెట్టుబడి లేదు. అమ్ముకున్న పొలంలోనే కూలికి పోయిన స్థానికులు లేకపోలేదు. ఆ ఊళ్ళను నేటికీ 'క్యాంపు'లనే పిలుస్తారు. మూడు తరాలు గడిచినవి. మనుమలు కన్నడం తడుముకోకుండా మాట్లాడుతున్నారు. పేరు మాత్రం నిన్న గుడారం వేసినట్లే ఉన్నది. అది ఎవరి తప్పు అని నేను విచారణ చేయబోవడం లేదు. చవక అన్నది నేలలో పుట్టే గుణం కాదనీ, ఒకరి అవసరానికీ మరొకరి తెలివికీ మధ్య ఉన్న తేడా అనీ మాత్రం అంటాను.

ఇక్కడికి దగ్గరలో కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడే పళ్ళెం అది. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 1970 దశాబ్దంలో పేదలకు సొసైటీల ద్వారా సరస్సులో భూములిచ్చారు. తర్వాత చేపల చెరువులు వచ్చినవి, డబ్బున్నవారు కౌళ్ళకు వచ్చారు, గట్లు లేచినవి. 1999లో ఐదవ కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించారు. 2006లో గట్లు కొట్టివేశారు. నీరుండవలసిన చోట చవకగా దొరికిన భూమి కథ ఇది. ఇందులో నష్టపోయినవారిలో మొదటినుంచీ పేదగా ఉన్నవారే ఎక్కువ కాలం ఏడ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు ఆ నీరంతా చివరకు చేరవలసింది కూడా ఈ కొల్లేటికే.

గూడెంలో కొల్లేరు లేదు గదా అంటారు. ఎర్రకాలువ ఉన్నది. మెట్టలో కురిసిన వాన దాని మీదుగా దిగి, నందమూరు అక్విడక్టు దగ్గర ఏలూరు కాలువను దాటుతుంది. పోటు ఎక్కువైన ఏడు వరిచేలు రోజుల తరబడి నీళ్ళలో ఉంటవి. సార్వా కోతల వేళ వాయుగుండం పడితే కంకుల మీదనే ధాన్యం మొలకెత్తుతుంది. ఆ మొలకలు చూడడానికి ఎంత పచ్చగా, అందంగా ఉంటవో, వాటిని చూస్తూ గట్టు మీద కూర్చున్న కౌలురైతు ముఖం అంత నల్లగా ఉంటుంది. నేను వచ్చిన మరుసటి ఏడు, 1996 నవంబరు 6న కోనసీమను తుపాను కొట్టింది. ఆ రాత్రి మా వెనుక కొబ్బరిచెట్టు కూడా పడింది. ఆ తర్వాత రిక్షా అతనిని నేను మనసులో క్షమించాను. ఇంకొక చిత్రం: డెల్టా పల్లెల్లో చాలచోట్ల భూగర్భజలం ఉప్పన. వేసవిలో కాలువలు కట్టే ముందు మంచినీటి చెరువులు నింపుకోవాలి. లేకపోతే డబ్బా నీళ్ళు కొనుక్కోవాలి. మా సీమలోనూ నీళ్ళు కొంటారు, ఇక్కడా కొంటారు.

ఇంతా చెప్పి, రావద్దని అంటున్నానా? కాదు. ముప్పై ఏళ్ళు ఇక్కడే ఉన్నాను. వెళ్ళిపోవాలని ఎన్నడూ అనిపించలేదు. ఈ ఊరు వచ్చినవాళ్ళను కాదనదు. 2007లో వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015లో గూడెంలోనే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసిన తర్వాత పడుచువాళ్ళ రాక ఇంకా పెరిగింది. కర్నూలు ఉల్లిపాయ వచ్చి అమ్ముడుపోయేది ఇక్కడి మార్కెట్టులోనే. మొదటి సంవత్సరాల్లో ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు నేను ఉల్లి మార్కెట్టుకు పోయి నిలబడేవాడిని. లారీల దగ్గర "ఏమప్పా, యాడికి పోతివి" అన్న మాట చెవినపడితే కడుపు నిండేది. పక్కనే మిల్లు గుమస్తా "ఆయ్, అలాగేనండి" అంటుండేవాడు. ఆ రెండు తెలుగుల మధ్య నిలబడి నేను భాషాశాస్త్రం నేర్చుకున్నాను, పుస్తకాలు తర్వాత చదివాను.

నా అభ్యంతరమంతా చూసే కాలం గురించి. బయటివాళ్ళు ఈ సీమను సంక్రాంతికి చూస్తారు. ధాన్యం ఇంటికి వచ్చి ఉంటుంది, నేల ఆరి ఉంటుంది, దాళ్వా నాట్లతో చేలు లేతగా ఉంటవి, గాలి చల్లగా ఉంటుంది. ఆ నాలుగు రోజుల్లో ఏ పల్లపు స్థలమైనా మెరక లాగే కనిపిస్తుంది. వరిచేలో నాలుగు లారీల మట్టి పోసి, రాళ్ళు పాతి, రంగుజెండాలు కట్టి అమ్మేవారికి ఇది బాగా తెలుసు. ఆ మట్టి కింద పంటబోదె ఉన్నదా, మురుగుబోదె ఉన్నదా అని అడిగేవాడు ఉండడు. బోదె పూడ్చి అమ్మిన స్థలంలో ఇల్లు కట్టినవాడి గదిలోకి నీరు వస్తుంది. ఒకవేళ వాడు ఎత్తుగా కట్టుకుంటే పక్కనున్న పాత పేటలోకి వస్తుంది. అందుచేత కొత్తగా వచ్చిన వాడి చవక, వాడికి తెలియకుండానే, పాతవాడి ఇంట్లో ఇటుకలుగా మారుతుంది. ఇటువంటి స్థలాలకు అనుమతులిచ్చేటప్పుడు పాత బోదెల పటం ముందు పెట్టుకోవాలని, కొనేవాడికి కూడా దానిని చూపాలని నా గట్టి అభిప్రాయం. ఆ పటం చూడడానికి ఇంజనీరు కానక్కరలేదు, తెలుగు ఎం. ఏ. చాలు.

ఆ కుర్రవాడికి ఇంత ఉపన్యాసం వ్రాయలేదు. స్థలం కొనవద్దనీ అనలేదు. సంక్రాంతికి చూసినది లెక్కలోకి రాదు, వినాయక చవితి ముసురులో వచ్చి మళ్ళీ చూడు; ఆ పక్క పేటలో నలుగురి ఇళ్ళలోకి వెళ్ళి మంచాల కాళ్ళు చూడు; గోడల మీద గీతలుంటే ఎత్తు కొలుచుకో; ఈలోగా అద్దెకుండి రెండు సార్వాలు గడుపు అని వ్రాశాను. అద్దె ఇల్లు నేనే చూసిపెడతానని కూడా అన్నాను.

జవాబు మరునాడే వచ్చింది. చవితికి ముందు రోజే వస్తాడట. వాళ్ళ అమ్మ కూడా వస్తానంటున్నదట. ఆమెకు వాన చూడాలని ఉన్నదట. స్టేషనుకు నేను ఎదురు వస్తాననీ, మా వీధి మలుపు దగ్గర చెప్పులు చేతబట్టుకొని నడవవలసి రావచ్చుననీ ఆమెతో చెప్పమన్నాను.