చెవిలో తుమ్మెద

మా నాయనకు ఫోన్ చేస్తే మొదటి మాట "బాగుండావా" కాదు. "రేయ్, మళ్ళా తుమ్మెద వొచ్చిందిరా" అంటాడు. ఆయనుండేది శ్రీకాళహస్తిలో, నేను బెంగుళూరులో. చెవి వెనక మిషను పెట్టుకున్నాక టీవీ వింటాడు, గుళ్ళో గంట వింటాడు. సెల్ మోగితే మాత్రం అమ్మకిచ్చేస్తాడు. మిషను అమ్మినాయన్ని అడిగితే "వయసైపోయింది కదా సార్" అని తేల్చేశాడు.

వయసు కాదు మహాప్రభో! 2జీ ఫోను సిగ్నల్ని ధారగా పంపదు, సెకనుకు సుమారు 217 సార్లు ముక్కలు ముక్కలుగా పంపుతుంది. మిషను లోపలి సర్క్యూట్ దాన్ని పట్టి చెవిలో రొదగా పోస్తుంది. కంప్యూటర్ స్పీకర్ల పక్కన సెల్ పెడితే కాల్ వచ్చే ముందు గరగరమనేది గుర్తుందా? అదే ఇది. 4జీలో ఈ గోల బాగా తగ్గింది. కానీ మా నాయనది బటన్ల ఫోను.

ఇందులో కొత్త పరిశోధన చెయ్యాల్సిందేమీ లేదు. అమెరికాలో ఫోన్లు మిషన్లతో పనిచెయ్యాలని 1988లోనే చట్టం చేశారు. అప్పుడు సెల్ ఫోన్లను వదిలేశారు, 2003లో వాటినీ దారిలో పెట్టడం మొదలెట్టారు, 2024లో ఇక దశలవారీగా అన్ని మోడళ్ళూ అంతే అన్నారు. మనకూ 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, 2018లో ట్రాయ్ సిఫార్సులూ ఉన్నాయి. షాపుకెళ్ళి "ఇది చెవి మిషనుతో పనిచేస్తుందా" అని అడిగి చూడండి. తిరుపతిలోనైనా బెంగుళూరులోనైనా ఆ కుర్రాడు మీ మొహం వంక చూస్తాడు. (దేవుడికి కళ్ళిచ్చిన కన్నప్ప ఊరు మాది. చెవుల సంగతి ఎవరికీ పట్టలేదు.)

"మార్కెట్ చిన్నదండీ" అంటారు మన మేనేజర్లు. అరవై దాటినవాళ్ళలో నూటికి పాతికమందికి పైగా ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనందరి అమ్మానాన్నలూ ఆ మార్కెట్టే!

పోయిన సంక్రాంతికి మిషను డబ్బాలో కాగితం తీసి చదివితే, దానికి 'టి' అని ఒక మీట ఉందని తెలిసింది. లోపల చిన్న తీగచుట్ట, మైకుతో పని లేకుండా ఫోను అయస్కాంత క్షేత్రాన్నే పట్టుకుంటుంది. అటక మీది పాత ల్యాండ్‌లైన్ దించి తగిలించాం. "నీ గొంతేరా ఇది!" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ మీట సంగతి ఆయనకు చెప్పినవాడు లేడు.

ఫోన్ల కంపెనీలను, అమ్మేవాళ్ళను తిట్టి ఊరుకుందామంటే కుదరదు. ఆమధ్య బ్యాంకు నుంచి నాయనకు కాల్ వచ్చింది, ఖాతాదారే మాట్లాడాలట. వినపడలేదు, ఖాతా ఆగింది, ఎండలో బ్యాంకుకు నడిచాడు. నేనేమో ఇంకో క్లయింటుకు అలాంటి సిస్టమే కట్టాను. మెసేజ్‌తో ధ్రువీకరించే దారిని 'ఫేజ్ టూ'కి నెట్టింది నేనే. ఆ ఫేజ్ టూ ఎప్పుడొస్తుందో మీకు చెప్పక్కర్లేదు కదా.

ఊరి నుంచి రాగానే దానికి టికెట్ తెరిచాను. ప్రయారిటీ 'లో' అని మార్చి మూసేశారు. నిన్న మళ్ళీ తెరిచాను.