పేరొకరిది, పెత్తనమొకరిది

స్త్రీలకు రాజకీయములేల యని యడుగువారు నేటికిని మన పట్టణములలో లేకపోలేదు. అట్టివారొకసారి నెల్లూరు మండలమందలి దూబగుంటను దలచుకొనవలెను. 1992లో, అక్షరములు దిద్దుకొనుచున్న ఆ గ్రామ స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము తెలుగు దేశమెల్ల వ్యాపించెను. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము శాసనమయ్యెను. 1997లో అది సడలింపబడెను. వీధిలో నిలిచినవారు శాసనమును దెప్పింపగలిగిరి. సభలో గూర్చుండినవారు దానిని సడలింపగలిగిరి. స్త్రీలకు సభలో స్థానమేల యను ప్రశ్నకు ఇంతకంటె సమాధానము వలయునా?

ఆ సభలలో వారెందఱు? 2023లో తెలంగాణ శాసనసభకు ఎన్నికైన 119 మందిలో స్త్రీలు 10 మంది. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికైన 175 మందిలో 22 మంది. వోటర్లలో వారు సుమారు సగము! శక్తి చాలక యనరాదు. 1923 నాటి కాకినాడ కాంగ్రెసులో బాలికగా సేవచేసిన దుర్గాబాయి రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలయ్యెను. తెలంగాణ సాయుధ పోరాటమున తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యము 1978లోను, 1983లోను తుంగతుర్తి ప్రజల ప్రతినిధియయ్యెను.

పంచాయతీలలో శాసనమే తలుపు తెఱచినది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ మూడవవంతు స్థానములను స్త్రీలకు ప్రత్యేకించెను. తరువాత మన ప్రభుత్వములు దానిని సగమునకు పెంచినవి. కాని యెన్నియో యూళ్లలో ఎన్నికైనది భార్య, కుర్చీలో గూర్చుండునది భర్త. సంతకమామెది, నిర్ణయమతనిది. అధికారులును అతనినే సర్పంచిగారని పిలుచుచున్నారు. అడిగినచో, ఆమెకనుభవము చాలదందురు. నీటిలో దిగనీయక, ఈత రాదని నిందించుట యెట్టి న్యాయము?

శాసనసభలలోను మూడవవంతు స్థానములను ప్రత్యేకించు సవరణ 2023లో ఆమోదింపబడెను. కాని జనాభా లెక్కలును, నియోజకవర్గముల పునర్విభజనయు ముగిసినగాని యది యమలు కారాదని అందే నిబంధన చేర్చిరి. అభ్యర్థుల జాబితా వ్రాయుటకు పార్టీలకు ఈ లెక్కలతో పనియేమి? స్త్రీలకు టికెట్లిచ్చుటను ఏ శాసనమును నిషేధింపలేదు. ధనబలము లేదనియు, గెలువలేరనియు సాకులు చెప్పుదురు. ధనము లేని పురుషునికి అండ చూపగల పార్టీ, ధనము లేని స్త్రీకేల చూపజాలదు?

పాఠక మహాశయులారా! పట్టణవాసులైన మీలో పెక్కుమందికి స్వగ్రామములు కలవు. ఈసారి పోయినప్పుడు గ్రామసభకు వెళ్లుడు. సర్పంచి కుర్చీలో ఎవరున్నారో చూడుడు. ప్రజలెన్నుకొనని వాడందు గూర్చుండియున్నచో, లెమ్మని మర్యాదగా చెప్పుడు. అతడు మీ యన్నయో, తమ్ముడో యైనచో ఆ మాట చెప్పవలసిన బాధ్యత మీకు మఱింత యెక్కువ. స్త్రీలు మనల దయ యడుగుటలేదు. ప్రజలు వారికిచ్చిన కుర్చీనుండి మనము లేచిన చాలును.