గాజు పగిలితే జరిమానా ఎవరికి?

ల్యాబులో బీకరు పగిలిందంటే చాలు, విద్యార్థి పేరు బ్రేకేజి రిజిస్టరు కెక్కుతుంది. తప్పు ప్రతిసారీ చేతిదేనా అని నా ప్రశ్న.

గాజుకు ప్రమాదం వేడి కంటే వేడిలోని తేడావల్లనే ఎక్కువ. వేడెక్కిన భాగం సాగుతుంది, చల్లని భాగం సాగనంటుంది. ఆ పెనుగులాటలో చల్లని వైపు లాగుడు పుడుతుంది. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది గాని లాగుడుకు తట్టుకోదు. అక్కడొక గీత ఉందా, ఇక అంతే!

డిగ్రీ వేడికి మీటరు పొడవున మామూలు సోడా గాజు సుమారు 9 మైక్రాన్లు పెరిగితే, బోరోసిలికేట్ 3.3 మాత్రమే పెరుగుతుంది. దాని ఓర్పు రహస్యం అదే. అదీ అమరం కాదనుకోండి. సుమారు 820 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర మెత్తబడి తన బరువుకే సాగిపోతుంది. కాని మన బర్నరు మీద నీళ్ళు కాచడానికి అంతదాకా ఎందుకు?

కాబట్టి అధికారులకు నా మనవి: కాచే పనికి బోరోసిలికేటే కొనండి. గీతలు పడ్డవాటిని అల్మారాలోంచి తీసెయ్యండి. పగిలిన ముక్కలు చూస్తే పగులు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. అది చూశాకే రిజిస్టరు తెరవండి. కాగే బీకరును తడి బల్లమీద పెట్టినవాడు డబ్బు కట్టాల్సిందే. పాత గీతకు మాత్రం కొత్త కుర్రాడు పూచీ కాడు.