ఇచ్చిన జుట్టు పుణ్యం, పోయిన జుట్టు పాపమా?



మా కార్వేటినగరం పక్క ఏ ఇంట చూసినా తిరుమల మొక్కు ఉంటుంది. ఆడా మగా కల్యాణకట్టలో తలనీలాలిచ్చి, గుండుకు చందనం పూసుకుని సంతోషంగా కొండ దిగుతారు. ఆ గుండును ఎవరూ ఎగతాళి చేయరు. అదే ఇరవై ఏళ్లవాడి నుదుటి మీద జుట్టు వేలెడు వెనక్కి జరిగితే చాలు, "ఏం మామా, అప్పుడే చేను చదును చేసేసినావే!" అని నవ్వులు. పాపం, వాడు గ్రూపు ఫోటోకు కూడా రాడు.

సైన్సు విద్యార్థులమైన మనమైనా ఆలోచించవద్దా? టెస్టోస్టిరాన్ నుండి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోను కొందరిలో జుట్టు కుదుళ్లను క్రమంగా కుదించివేస్తుంది. ఆ గుణం తల్లి వైపు నుండీ తండ్రి వైపు నుండీ వస్తుంది. మగ హార్మోనుకూ బట్టతలకూ గల సంబంధాన్ని హామిల్టన్ 1942లోనే చూపాడు. ఇందులో ఎవరి తప్పు ఉంది?

మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ మందులు కొందరికి పనిచేస్తాయి, మానేస్తే ఫలితం నిలవదు. కావాలంటే చర్మవైద్యుణ్ణి అడిగి వాడండి. అంతేగాని, నాయన చెనక్కాయలమ్మి పంపిన డబ్బును వారంలో జుట్టు మొలిపిస్తామనే నూనె సీసాలకు పోయకండి.

ఇంకొక్క మాట. పెళ్లిచూపుల్లో ఆడపిల్ల రంగునూ జడనూ కొలిచింది మన మగవాళ్లమే. ఇవాళ అదే కొలబద్ద మన నెత్తి మీదికి వచ్చింది. ఏడ్చి లాభం లేదు. ఇద్దరి కోసమూ ఆ కొలబద్దనే విరిచేద్దాం రండి!