దిద్దేవాడు కాదు, చదివేవాడు కావాలి

ముప్పైనాలుగేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేశాను. ఎర్రసిరా కలం నా చేతికి ఆరో వేలుగా ఉండేది. ఈ టపాలో ఆ కలం మీద నేనే అభియోగం మోపుతున్నాను. తోటి పండితులకు కోపం వస్తే రానివ్వండి.

మా మనుమరాలు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరం చదువుతోంది. గంటల లెక్కన జీతం పుచ్చుకొంటూ, మొదటి సంవత్సరం వ్యాసరచన తరగతికి 'రైటింగ్ మెంటర్'గా కూడా ఉంటోంది. ఆ తరగతిలో తానూ కూర్చుంటుంది. తరువాత ఒక్కొక్క విద్యార్థితో, వారి చిత్తుప్రతి ముందుంచుకొని, అరగంట మాట్లాడుతుంది. మార్కులు వేయదు. ఒక్క వాక్యమైనా రాసిపెట్టదు.

"మరి ఏం చేస్తావమ్మా?" అన్నాను.

"వాళ్ళ వ్యాసం వాళ్ళచేతే పైకి చదివిస్తాను తాతగారూ. నాకెక్కడ అర్థం కాలేదో చెబుతాను. 'ఇక్కడ నువ్వు అసలు చెప్పదలచుకున్నదేమిటి?' అని అడుగుతాను. నోటితో చక్కగా చెబుతారు. 'అదే రాయి' అంటాను."

"మరి తప్పులో?"

"అవి చివర్న. ముందు విషయం నిలబడాలి కదా!"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఏ పిల్లవాణ్ణీ అడగని ప్రశ్న అది.

రాయలసీమలో ఒక పల్లె బడిలో పదో తరగతికి 'నేను చూసిన జాతర' అని వ్యాసం ఇచ్చాను. అందరూ గైడులో ఉన్న జాతరే చూసివచ్చారు. ఒక్కడు మాత్రం తమ ఊరి గంగమ్మ జాతర గురించి రాశాడు. తాను మేపిన పొట్టేలును అమ్మవారికి బలి ఇచ్చారనీ, 'ఇంటిల్లిపాదీ తింటిమి, నేను తినలేదు' అనీ రాశాడు. నేను 'తింటిమి' కొట్టివేసి 'తిన్నాము' అని దిద్దాను. పక్కన 'పరస్పర విరుద్ధము' అని వ్యాఖ్యానించి, పదికి మూడు మార్కులు వేశాను. తరువాతి పరీక్షలో వాడు గైడు వల్లెవేసి ఎనిమిది తెచ్చుకున్నాడు. నేను మెచ్చుకున్నాను.

విడ్డూరమేమంటే, కంటిమి, వింటిమి, తింటిమి అన్నవి గ్రాంథిక వ్యాకరణం ఒప్పిన రూపాలే. కావ్యంలో కనబడితే అన్వయం చెప్పి ఆనందిస్తాం. సీమ బిడ్డ నోట వినబడితే గీటు పెడతాం. పిల్లవాడు ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న ప్రశ్న దగ్గరే కదా మన భాషావివాదం ముదిరింది! మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచన ఉపసంఘానికి గురజాడవారు అసమ్మతి పత్రం సమర్పించినది 1914లో. వాడుకభాష గెలిచిందని సంబరపడ్డాం. పిల్లవాడి వాడుక మాత్రం ఇంకా గెలవలేదు.

"విద్యార్థికి విద్యార్థి నేర్పడమేమిటి, గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టు?" అని ఒక మిత్రుడు ఎద్దేవా చేశారు. అయ్యా, ఇది నిన్నటి వింత కాదు. న్యూయార్కు నగర విశ్వవిద్యాలయం 1970లో తలుపులు బార్లా తెరిచి, అక్కడి ఉన్నత పాఠశాల ముగించినవారందరికీ చోటిచ్చింది. రాయడం అలవాటులేని వేలమంది వచ్చి చేరారు. అధ్యాపకుడి గది గడప తొక్కడానికి జంకేవారు తోటి విద్యార్థితో మనసు విప్పుతారని గ్రహించి, బ్రూక్లిన్ కళాశాలలో కెనెత్ బ్రఫీ ఆ దశకంలోనే ఈ పద్ధతిని పెంచారు. బ్రౌన్ విశ్వవిద్యాలయం 1982లో ఇలాంటి ఏర్పాటే చేసింది. ఈ తోడు దారి చూపేవాడు కాదు. "నువ్వు చెప్పేది నాకు కనబడటం లేదు" అని నిజాయితీగా చెప్పేవాడు. రాసేవాడికి అంతకన్నా పెద్ద ఉపకారం ఏముంది?

అయితే ఒక మాట. ఈ విద్యార్థులను చూపించి అధ్యాపకుల కొలువులు ఎగ్గొడితే అది మోసం. తోడు తోడే, గురువు గురువే.

ఇప్పుడు యంత్రాలే క్షణంలో వ్యాసం రాసిస్తున్నాయి. నా దృష్టిలో అవి గైడు పుస్తకానికి మనుమలు. దోషరాహిత్యమే రచన అయితే, పండితులారా, మన పని ముగిసినట్టే. కాదు, రచన అంటే తాను చూసినది మరొకరికి చెప్పడమే అంటారా, అయితే వినే మనిషిని తరగతిలోకి తీసుకురండి. మన డిగ్రీ కళాశాలల్లో మూడో ఏడాది పిల్లలను మొదటి ఏడాది పిల్లల పక్కన, తెలుగు వ్యాసం ముందుంచి, వారానికి ఒక్క గంట కూర్చోబెట్టండి. రెండు కుర్చీలు, ఒక బల్ల, కాస్త జీతం, ఇంతే ఖర్చు.

ఆ కుర్రవాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. 'పరస్పర విరుద్ధము' అని నేను గీత గీసిన చోటే వాడి వ్యాసం మొదలవుతుందని ఇన్నాళ్ళకు తెలిసింది. ఎక్కడైనా ఎదురుపడితే అడగవలసిన ప్రశ్న ఒక్కటే మిగిలింది:

"నువ్వెందుకు తినలేదురా?"